మే నెల ఎండల హీటరేసుకొని

ఆ రోజులల్ల కారంటే ఏసీ ఉండాలె, పాటలు రావాలె అనే పట్టింపు మా ఇంట్ల ఎవ్వలికీ లేకుండె. కదిలితే కారు, కదలకపోతే కోళ్లు పండేటందుకు నీడ, అంతే. ఇప్పుడు నేను నడిపే కారు సీటుబెల్టు పెట్టుకోకపోతే మొత్తుకుంటది, తలుపు సక్కగ పడకపోతే మొత్తుకుంటది, ఎనుక పిల్లి పోయినా మొత్తుకుంటది. అప్పటి మా కారు గట్ల గాదు. ఎంత బాధ ఉన్నా లోపలనే దిగమింగేది. దిగమింగి దిగమింగి ఒక్కపారి బానెట్ కిందికెల్లి పొగలు గక్కేది. ఆ పొగల నడుమ నా పెండ్లి మాట ఎట్ల కుదిరిందో (నన్నడిగితే, కుదరకుండ పోవుడు ఎంత కొద్దిల తప్పిందో) చెప్పమని ఇంటికొచ్చిన చుట్టాలంత అడుగుతరు. అడిగినప్పుడల్ల మా ఆవిడ ముందుగాల నవ్వుతది, నేను ముందుగాల పండ్లు కొరుకుత. ఇన్నేండ్లయినా నాకు ఆ కోపం సగమే దిగింది.

అప్పటికి నాకు కొలువు కొత్త. తుర్కపల్లి దిక్కు ఒక టీకాల కంపెనీల, చలవ గదుల కాడ డ్యూటీ. లోపలున్న సీసాలు వేడెక్కకుండ చూసుకునుడే నా పని. కొంచెం వేడి పెరిగితే గంట మోగుతది, నేను ఉరకాలె. (మా చిన్నాయిన దీన్ని "ఫ్రిజ్జుకు కావలి" అంటడు.) పక్క ల్యాబ్‌ల ఒక పిల్ల పనిచేసేది. ఇద్దరం ఒక్కటే కంపెనీ క్యాబ్‌ల పోయేటోళ్లం. వాళ్లు కోస్తా దిక్కోళ్లు. వాళ్ల నాయిన బ్యాంకు కొలువు మీద ఈడికొచ్చి, శామీర్‌పేట కాడ కొత్తగ లేచిన కాలనీల ఇల్లు కట్టుకున్నడు. ఆమె మాట్లాడితే టీవీల వార్తలు చదివినట్టుండేది, నేను మాట్లాడితే పొలం కాడ మోటరు బందువెట్టుమని మొత్తుకున్నట్టుండేది. అయినా ఎట్లనో ఒకరి మాట ఒకరికి సమజైంది. ఆమె వాళ్లింట్ల చెప్పింది, నేను మా ఇంట్ల చెప్పిన. రెండిండ్లల్ల అలుగుళ్లు, ఏడ్పులు, అన్నం ముట్టకుండుడు అన్నీ అయినంక వాళ్ల నాయిన "సరే, ఒకసారి పెద్దవాళ్లని రమ్మను, చూద్దాం" అన్నడట. చూద్దాం అన్నడు గని, సరేనని మాత్రం అనలే.

ఆ పిల్ల క్యాబ్‌ల నాకు మెల్లగ చెప్పింది: "మీ వైపు వాళ్ల గురించి నాన్నకి ఎవరెవరో ఏవేవో ఎక్కించారు. భూములు, వెంచర్లు, ఎలక్షన్లు... జెండాలు కట్టుకుని పది బళ్లలో దిగుతారేమోనని ఆయన భయం. పెళ్లయ్యాక నా ఉద్యోగం కూడా మానిపించేస్తారని మా బంధువుల గోల. అందుకే సింపుల్‌గా రండి. ఇంకోటి, ఆదివారం పన్నెండింటికి వర్జ్యం మొదలవుతుంది. ఆలోపే మాటలు కావాలని అమ్మ పట్టుబట్టింది. టైముకి రండి చాలు, ఇంకేం వద్దు."

టైముకు వచ్చుడు. గింతే గదా. మా ఊరు రావల్కోల్‌ల ఎక్కితే శామీర్‌పేట ఎంత దూరం గనుక! మేడ్చల్‌ల ఏసీ టాక్సీ ఒకటి మాట్లాడుకుంటే అమ్మ, నాయిన, అవ్వ, నేను సల్లగ పోయి సల్లగ రావచ్చు. గిదే మాట ఇంట్ల అన్న. అన్నప్పుడు చిన్నాయిన అక్కడ ఉన్నడని చూసుకోకపోవుడే నా గలతీ.

చిన్నాయిన అంటే మా నాయిన తమ్ముడు. ప్లాట్లు అమ్ముతడు, ఓట్లప్పుడు జెండా పడతడు, ఇవి రెండూ లేనప్పుడు మా తాత కొన్న పాత కారు కింద పండుకుని ఉంటడు. (ఆ కారు ఏ కంపెనీదో చెప్పను. కంపెనీ తప్పేం లేదు, దాన్ని మా చిన్నాయినకు అమ్మలేదు గదా వాళ్లు.) గుండ్రటి ఎనుక భాగం, పాలమీగడ రంగు, సోఫా లెక్క సీట్లు. ఎంత పిలిచినా జల్దీ లేవదు, లేచినంక మర్యాదలు మస్తు గావాలె, ఎండ తగిలితే ఓర్వదు. అందుకే మా అవ్వ దానికి "నవాబు" అని పేరు వెట్టింది. పెద్ద రోడ్డెక్కి కొద్దిసేపు పోయిందంటే లోపల నీళ్లు మసిలి కూలవడేది. నవాబు చల్లబడేదాక మనం ఎండల నిలవడాలె.

"కిరాయి బండ్ల పిల్లను సూడవోతే మన ఇజ్జత్ ఏం గావాలెరా?" అన్నడు చిన్నాయిన. "నవాబు పోయి వాళ్ల గేటు ముంగట ఆగాలె. ఖాందానంటే ఏందో అప్పుడు తెలుస్తది."

"చిన్నాయినా, అది మేడ్చల్ దాటదు. పోయినపారి రోడ్డు మీద మసిలితే నువ్వే ట్రాక్టర్‌కు కట్టి గుంజుకొస్తివి."

"పోయినపారి నేను బందోబస్తు జెయ్యలే. గీ పారి జేస్త. ఆదివారం దాక టైమున్నది. మసిలితే నా పేరు మార్చు."

నేను నాయిన దిక్కు చూసిన. నాయిన పేపర్ల మొఖం దాసుకొని "సరే తియ్, పోదాం" అన్నడు. నాయినకు ఆ కారంటే అంత మనసున్నదని నాకు అప్పటిదాక తెల్వనే తెల్వదు.

ఇగ ఆ వారమంత మా వాకిట్ల జరిగిన బందోబస్తు చెప్తే ఒడువదు. ముందుగాల రేడియేటర్ లోపల పట్టిన చిలుము పోవాలన్నడు. రాగి బిందెలు చింతపండుతోని తోముతం గదా, రేడియేటర్ గూడ రాగి ఇత్తడే గదా అని అమ్మ డబ్బల ఉన్న చింతపండంత పిసికి పులుసు తీసి అండ్ల పోసిండు. ఇంజన్ ఆన్ చేస్తే ఊరంత చారు వాసన. "మీ ఇంట్ల పొద్దుగాలనే చారు వెట్టిన్రా?" అని పక్కింటామె అడిగింది. అమ్మ ఏం చెప్తది, "మా మరిది కారుకు వెట్టిండు" అన్నది. తర్వాత గాలి సక్కగ తగలాలని ముందటి జాలీకి అడ్డమున్న లైట్లు పీకిండు. ఫ్యాను బెల్టు మార్చిండు. వేడి బయటికి పోవాలని బానెట్ ఎనుక అంచు కింద కట్టె ముక్కలు వెట్టి లేపిండు. దాంతోని నవాబు ఎప్పుడూ ఆవులిస్తున్నట్టే కనవడేది. గోనెసంచి తడిపి ముందట కట్టిండు. డిక్కీల రెండు క్యాన్ల నీళ్లు వెట్టిండు. గివన్ని చూసి నేను గూడ కొంచెం నమ్మిన. మనిషి ఆశకు ఒక అడ్డు ఆపు ఉండాలె గదా, నాకు లేకుండె.

శనివారం పొద్దుమూకంగ పిలిచి, డ్యాష్‌బోర్డు కింద ఒక రేకు డబ్బ చూపెట్టిండు. "సికింద్రాబాద్ తుక్కు దుకాన్ల దొరికింది బేటా. హీటర్."

"హీటరా?"

"అవ్. చలి దేశాలల్ల కార్లకు ఉంటది. ఇంజన్ల మసిలే నీళ్లను పైపుతోని గిండ్లకు తెస్తం. గీ చిన్న ఫ్యాను ఆ వేడిని లోపలికి ఊదుతది. ఇంజన్ వేడిల కొంత మనం తీసుకున్నమనుకో, దానికి గంత భారం తగ్గుతది."

"మనమంటే?"

"మనమంటే మనమే. బండ్ల కూసున్నోళ్లం."

"మే నెలల, చిన్నాయినా!"

"జరసేపు ఓర్సుకుంటే సచ్చిపోతమారా? నీ పెండ్లి గురించే గదా నేను గింత తిప్పలవడేది?" అన్నడు. గట్లంటే ఇగ ఏమంటం!

ఆదివారం పొద్దుగాల నవాబుకు బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు తొక్కిచ్చి బయలెల్లినం. ముందట చిన్నాయిన నల్లద్దాలు పెట్టుకొని, పక్కన నాయిన గంజిపెట్టిన తెల్లంగిల. ఎనుక నేను, అమ్మ, నడుమల పట్టుచీర కట్టుకొని అవ్వ. ఎనుక అద్దాలు దించే పిడులు ఎన్నడో ఊడిపోయినయి, అవి దిగవు. ముందటి అద్దాలకెల్లి వచ్చే గాలి ముందటోళ్లకే సరిపోతది. ఊరు దాటంగనే చిన్నాయిన ఆ డబ్బ మీద ఉన్న మీట నొక్కిండు. గుర్రుమని ఒక సప్పుడు వచ్చి, రొట్టెల పొయ్యి మూత తీసినట్టు వేడి గాలి మా మోకాళ్లను కొట్టింది.

అవ్వ కొంచెంసేపు ఓర్సుకున్నది. "చిన్నోడా, కాళ్లకింద పొయ్యి వెట్టినట్టున్నదేందిరా?"

"హీటరే అమ్మా."

"హీటరంటే?"

"వేడి గాలి కొట్టే మిషను."

"ఎండకాలం ఎందుకురా?"

"కారు సల్లగుండాలనే."

అవ్వ దాన్ని మనసుల జర అటిటు తిప్పి చూసుకొని, "మంచిగున్నది కొడుకా. కారు సల్లగుండాలె, తల్లి సావాలె" అన్నది. అమ్మ కొంగుతోని అవ్వకు ఇసురుడు మొదలువెట్టింది. ఆ కొంగు గాలి గూడ వేడిగనే తగిలింది.

మేడ్చల్‌ల ఆపి పండ్లు, మిఠాయి డబ్బ కొన్నం. ఆ డబ్బ ఏడ పెట్టాల్నో తెల్వక చిన్నాయిన తన కాళ్ల కాడ, అంటే సరిగ్గ హీటర్ ముంగట పెట్టిండు. ఇంజన్ మాత్రం ఆపలే. "వేడి మీద ఆపితే మళ్ల లేవదు" అన్నడు. అయినా నేను ఒప్పుకోవాలె, వేడి చూపెట్టే మీటర్ల ముల్లు నడుమనే నిలవడ్డది. చిన్నాయిన ఆ ముల్లును మాకు చూపెట్టుకుంట, "ఏమంటివిరా? మేడ్చల్ దాటదంటివి గదా?" అన్నడు. నా అంగి నా ఒంటికి అతుక్కపోయింది, పౌడరు గడ్డం కిందికి కారుతాంది, నెత్తికి పెట్టుకున్న నూనె చెవులల్లకు దిగుతాంది. మాట్లాడితే ఏడుస్తనేమో అనిపిచ్చింది.

గప్పుడు రైలు గేటు వడ్డది.

గేటు ముంగట బండి నిలవడితే గాలి తగలదు. గాలి తగలకపోతే ముల్లు లేస్తది. ముల్లు లేస్తాంటే చిన్నాయిన హీటర్ ఇంకింత పెంచిండు. అమ్మ దిగుదామన్నది. దిగుతే గేటు ఎప్పుడు లేస్తదో తెల్వదు, ఎనుక లారీలు హారన్ కొడతయి అని చిన్నాయిన దిగనియ్యలే. ఆయన మాత్రం దిగి, డిక్కీల క్యాను తీసి గోనెసంచి మీద నీళ్లు చల్లుకుంట, రేడియేటర్‌కు తల స్నానం పోసినట్టు పోసుకుంట నిలవడ్డడు. బస్సుల కిటికీలకెల్లి జనం చూసుడు. ఒకాయన "ఏమైంది, బండికి జరమొచ్చిందా?" అని గూడ అడిగిండు. గూడ్సు బండి అది, డబ్బలు ఒడువయి. నేను చలవ గదిని తలుసుకున్న. ఆదివారం గూడ డ్యూటీ వేసుకుంటే ఎంత హాయిగుండు అనిపిచ్చింది. అవ్వ కండ్లు మూసుకొని దేవుళ్ల పేర్లు చదువుడు మొదలువెట్టింది, ఒక్కో దేవుని పేరు నడుమ చిన్నాయిన పేరు గూడ వస్తాంది గని అది వేరే స్వరంల.

గేటు లేసినంక గాలి తగిలి ముల్లు కొంచెం దిగింది. నా గుబులు గూడ దిగింది. ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం అనుకుంట శామీర్‌పేట చెరువు కనవడే దాక వచ్చినం. ఆడ ఎత్తు ఉన్నది, ముంగట ఇసుక లారీ మెల్లగ పాకుతాంది. చిన్నాయిన రెండో గేరుకు దించిండు. అంతే. బానెట్ సందులకెల్లి తెల్లటి పొగ లేసి అద్దమంత కమ్ముకున్నది. మళ్ల చారు వాసన. నవాబు రోడ్డు పక్కకు జరిగి, ఒక ముంజలమ్మే ఆమె తాటాకు నీడ ముంగట, ఇగ నావల్ల గాదన్నట్టు ఆగింది.

అందరం దిగినం. చిన్నాయిన బానెట్ లేపి, భుజం మీది తువ్వాల తీసి రేడియేటర్ మూత మీద వేసిండు. "తియ్యకు! వేడిమీద తియ్యకు!" అని నేను మొత్తుకున్న. "నాకు తెల్వదారా?" అనుకుంటనే తిప్పిండు. బుస్సుమని నీళ్లు లేసినయి, వారం దినాల చిలుము, చింతపండు గలిసిన ఎర్రమట్టి రంగు నీళ్లు. చిన్నాయిన పక్కకు వంగిండు. ఎనుక నిలవడ్డ నాయిన ఎనుకకు దుంకిండు. దేవుని దయ, ఎవ్వలికీ ఒళ్లు కాలలే. నాయిన దుంకిండు గని ఆయన తెల్లంగి దుంకలే. మెడకెల్లి నడుము దాక అంగి మీద చారు వొలికినట్టయింది. నాయిన ఆ అంగిని చూసుకున్నడు, తమ్మున్ని చూసిండు. నాయిన తిట్టకపోతేనే నాకు భయం.

నీళ్లు పోద్దామంటే ఒక క్యాను గేటు కాడనే ఒడిసింది, ఇంకొకటి డిక్కీల కారి కారి ఖాళీ అయింది. "ఉన్నా గూడ ఇప్పుడే పొయ్యొద్దు, మసిలే ఇంజన్ల సల్లటి నీళ్లు వడితే పలుగుతది" అన్నడు చిన్నాయిన, తెలివి అంత అప్పుడే వచ్చినట్టు. అటెనుక ఆయన చూపు అవ్వ చేతిల ఉన్న డబ్బ మీద వడ్డది. వియ్యాలోరికని మా బర్రె సల్ల తెచ్చింది అవ్వ.

"అమ్మా, జరంత సల్లవడ్డంక గా సల్ల పోస్తే..."

"ఏండ్ల? కారులనా?"

"సల్ల సల్లగుంటది గదా."

"నా పానం పోయినా ఇయ్య" అని అవ్వ డబ్బను ఒళ్లె వెట్టుకొని పోయి ముంజలామె పక్కన కూసున్నది.

ఇగ నాకు ఆగలే. "నీకు దండం వెడ్త చిన్నాయినా! టాక్సీ అంటే వినకపోతివి, చింతపండు పోస్తివి, మే నెలల హీటర్ వెడితివి! వర్జ్యం ముంగటనే మాట గావాలని వాళ్లు ఒక్కటే అడిగిన్రు. గదొక్కటి జేయలేకపోతిమి. ఆ పిల్ల తండ్రి ముంగట నేను ఏం మొఖం వెట్టుకొని నిలవడాలె?" అని రోడ్డు మీద, లారీలు పోతాంటే, నోటికొచ్చినట్టు మొత్తుకున్న. జీవితంల చిన్నాయినను ఒక్క మాట అనని నేను గట్ల మొత్తుకుంటే ఆయన నల్లద్దాలు తీసిండు. ఆయన కండ్లల్ల నీళ్లున్నయో, అది చెమటనో నాకు ఈనాటికీ తెల్వదు. "నీ కోసమే గదరా" అన్నడు మెల్లగ.

గప్పుడే ఫోను మోగింది. ఆ పిల్ల. "ఎక్కడున్నారు? అమ్మ గడియారం దగ్గరే నిలబడింది." ఏముంటే గదే చెప్పిన. చెరువు కాడ ఆగినం, బండి మసిలింది, మా నాయిన అంగి పాడైంది, ఈ అంగితోని కొత్తోళ్లింట్ల అడుగువెట్టనని ఆటో గూడ ఎక్కుతలేడు. అయిపోయింది అనుకున్న. "అక్కడే ఉండండి. మేమే వస్తున్నాం" అని పెట్టేసింది.

వచ్చిన్రు. ముంగట స్కూటర్ మీద వాళ్ల నాయిన, ఎనుక టిఫిన్ క్యారియర్ ఒళ్లె వెట్టుకొని వాళ్లమ్మ. వాళ్ల ఎనుక స్కూటీ మీద, పట్టుచీర కుచ్చిళ్లు దోపుకొని, నెత్తిమీద హెల్మెట్ పెట్టుకొని, కాళ్ల కాడ నీళ్ల క్యాను వెట్టుకొని పెండ్లిపిల్ల. (పెండ్లిచూపులకు పిల్ల తలవంచుకొని పళ్లెం పట్టుకొస్తదంటరు. నా పిల్ల క్యాను పట్టుకొచ్చింది.) వాళ్ల నాయిన సన్నగ, పొట్టిగ, కండ్లద్దాలతోని నీటుగ ఉంటడు. బండి దిగి మా వాలకం అంత ఒకసారి చూసి, సంచిలకెల్లి ఇస్త్రీ మడత చొక్కా తీసి "నాదేనండి, కొత్తది. ఏమనుకోకండి" అని నాయిన చేతుల వెట్టిండు. నాయిన కారు చాటుకు పోయి తొడుక్కొచ్చిండు. మా నాయిన ఎడ్లబండిని ఒంటిచేత్తోని లేపే మనిషి. పై గుండీ ఒక్కటే వడ్డది, నడిమిట్లయి ఒక్కటి గూడ వడలే, చేతులు మోచేతి దాకనే వచ్చినయి. ఊపిరి తీసుకోవాలన్నా ఇచారం చేసి తీసుకుంటాండు.

ఆ పిల్ల నా పక్కకొచ్చి క్యాను ఇచ్చింది. మొఖం చూసే ధైర్యం లేక నేను బానెట్ల తల దూర్చి, వేడి తగ్గిందా లేదా అని చూసుకుంట నిలవడ్డ. అమ్మ, అవ్వ, వాళ్లంత తాటాకు నీడల కూసున్నరు. అవ్వ ఆ పిల్లను పిలిచి పక్కల కూసోవెట్టుకొని ముంజలు తినిపిస్తాంది. "బిడ్డా, నువ్వు రోజు సూస్తవు గదా, మా పిలగాడు మంచోడేనా? మాకు ఇంట్ల సరిగ్గ కనవడడు" అని అడుగుతాంది. నాకు అన్నీ వినవస్తున్నయి. వినకుండ ఉంటే బాగుండనిపిచ్చింది.

వాళ్ల నాయిన కారు కాడికొచ్చి లోపలికి వంగి చూసిండు. హీటర్ ఇంకా ఊదుతనే ఉన్నది. "ఎండాకాలంలో హీటరెందుకండీ?" అన్నడు మర్యాదగ. చిన్నాయిన మళ్ల నల్లద్దాలు పెట్టుకొని మొదలువెట్టిండు: ఇంజన్ వేడి, చిన్న ఫ్యాను, భారం తగ్గుడు, అంత. ఆయన శ్రద్ధగ విన్నడు. "అంటే, కారు వేడెక్కకూడదని మీరందరూ ఆ వేడిని భరించారన్నమాట. బండినే ఇంత జాగ్రత్తగా చూసుకునేవాళ్లు..." అని ఏదో మంచిమాటకు పోతాండు. వాళ్లమ్మ నీడలకెల్లే అందుకున్నది: "బండిని చూసుకున్నారు సరే, అందులో కూర్చున్న పెద్దావిణ్ణి ఉడకబెట్టేశారు కదండీ! అమ్మాయిని ఏ లెక్కలో చూసుకుంటారో అడగండి ముందు."

వాళ్ల నాయిన కండ్లద్దాలు తీసి తుడుసుకొని, మా నాయిన దిక్కు తిరిగిండు. "ఒక్క మాట అడగాలండి. మా అమ్మాయి కష్టపడి చదువుకుంది, ఇష్టపడి ఉద్యోగం చేస్తోంది. మీది పెద్ద కుటుంబం, మాటంటే మాటే అంటారు. పెళ్లయ్యాక ఉద్యోగం మానమంటారేమోనని మా భయం." బానెట్ కింద నా చేతులు ఆగిపోయినయి. అన్ని దినాలు మేము దాటని ఎత్తు అదే.

నాయిన ఆ ఇరుకు చొక్కాల మెల్లగ ఊపిరి తీసుకున్నడు. "సార్, మా ఇంట్ల నా మాట ఎంత నడుస్తదో మీకు కనవడ్తనే లేదా? గీ కారుల వస్తే నడిమిట్ల ఆగుతదని నాకు ముందుగాలనే ఎరుక. అయినా తమ్ముడు మనసు చిన్నవుచ్చుకుంటడని ఊకున్న. హీటర్ బందువెట్టురా అని మేడ్చల్ కాడికెల్లి చెప్తాన. వినవడలే. నా ఇంట్ల ఒక పంకా బందువెట్టిచ్చే తాకత్ నాకు లేదు, మీ బిడ్డ కొలువు నేనేం బందువెట్టిస్త? ఆమెకు ఇష్టమున్నన్ని దినాలు జేస్తది. ఎవరన్న అడ్డమొస్తే మా అమ్మ ఉన్నది, అడుగున్రి."

"అవ్, ఎవ్వడొస్తడో సూస్త" అన్నది అవ్వ, నోట్ల ముంజ పెట్టుకునే.

ఆ మాటతోని నాయిన చొక్కాకు వడ్డ ఆ ఒక్క గుండీ టప్పుమని ఊడి వాళ్ల నాయిన కాళ్ల కాడ వడ్డది. ఒక్కసారి అందరు నవ్వుడు మొదలువెట్టిన్రు. వాళ్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది, మా అమ్మ ఆమె భుజం మీద తలవెట్టి నవ్వుతాంది, ముంజలామె గూడ కత్తి పక్కన వెట్టి నవ్వుతాంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంజన్ ఇంకా సల్లవడలేదు, వర్జ్యం వస్తాంది, గిక్కడ నా బతుకు ఆగమవుతాంటే వీళ్లకు నవ్వెట్ల వస్తాంది? మా మీద నవ్వుతున్నరు, ఇగ సంబంధం పోయినట్టే అనుకుంట నేను మొఖం ముడుసుకొని ఇంజన్ దిక్కే చూసుకుంట నిలవడ్డ. తిరిగి చూసేసరికి వాళ్లమ్మ పళ్లెం గోసం వెతుకుతాంది. మిఠాయి డబ్బ తెరిస్తే హీటర్ వేడికి అంత కరిగి ముద్దయి ఉన్నది, అరటిపండ్లు నల్లగయినయి. "ఏదో ఒకటి చేతులు మారాలి, టైమైపోతోంది" అని ఆమె గాబరావడ్తే, ముంజలామె తాటాకు దొన్నెల లేత ముంజలు పెట్టి ఇచ్చింది. వర్జ్యానికి కొంచెం ముంగట, నవాబు బంపర్ పక్కన, అమ్మ ఆ దొన్నె ఆమె చేతుల పెట్టింది. ఆమె క్యారియర్‌ల పులిహోర మా అమ్మ చేతుల పెట్టింది. అది ఒప్పందమని నాకు ఎవరన్న చెప్తే బాగుండు. చెప్పలే.

నీళ్లు పోసినంక నవాబు ఒక్క తిప్పుకే లేసింది, ఏమెరుగనట్టు. ఇంటిదాక ముందటి సీట్ల తను కూసుంటనని ఆ పిల్ల నాయిన స్కూటర్ నా చేతికిచ్చి ఎక్కిండు. వద్దని అందరం చెప్పినం, వినలే. కాలనీ గేటు ముంగట దిగేసరికి ఆయన చొక్కా పిండితే కారేటట్టున్నది, కండ్లద్దాల మీద ఆవిరి. అవి తుడుసుకుంట చిన్నాయిన చెయ్యి పట్టుకొని, "ఇంజన్ మాత్రం చాలా చల్లగా ఉందండీ" అన్నడు. చిన్నాయిన ఆ మాటను ఇప్పటికీ కనవడ్డోళ్లకల్ల చెప్తడు. అండ్ల ఎత్తిపొడుపున్నదని ఆయనకు చెప్పే ధైర్యం మాకు ఎవ్వలికీ లేదు.

నవాబు ఇప్పుడు మా రావల్కోల్ కొట్టంల ఉన్నది. చిన్నాయిన మోకాళ్లు సహకరిస్తలేవు గని ఆదివారం ఆదివారం పోయి స్టార్టు చేసి, ముల్లు చూసి వస్తడు. అవ్వ లేదు. మా ఆవిడ ఇప్పుడు వాళ్ల ల్యాబ్‌కు పెద్ద, నాకన్న పెద్ద కొలువు.

మొన్న ఆమె పాత ఫోన్లకెల్లి ఫోటోలు కంప్యూటర్‌ల వేసుకుంటాంటే, నేను ఎన్నడు చూడని ఫోటో ఒకటి బయటవడ్డది. ఆ దినం తాటాకు నీడలకెల్లి ఆమె తీసిందట. అందరు ఒంగి ఒంగి నవ్వుతున్నరు. నాయిన తెరుసుకున్న చొక్కా పట్టుకొని నవ్వుతాండు, చిన్నాయిన నల్లద్దాలు నెత్తిమీదికి వోయినయి, అవ్వ నోట్ల పండ్లు లేవని అంత స్పష్టంగ నేనెన్నడు చూడలే. ఒక మూలకు, బానెట్ కాడ, చెమటతోని తడిసి అంగి అతుక్కపోయిన ఒక బక్కపలుచటి పిలగాడు అందరికీ ఎనుక తిరిగి, మొఖం గంటు వెట్టుకొని ఆ ఇంజన్‌నే చూస్తాండు. పెండ్లి ఎవరిదో వానికి తప్ప ఆ ఫోటోల అందరికీ సంబంధం కుదిరిందని తెలుసు. నేను శానసేపు వాన్నే చూసుకుంట కూసున్న. అరేయ్, ఇటు తిరుగరా, అయిపోయింది, నవ్వు అందామనిపిచ్చింది. వాడు వింటడా!